తిత్తి మార్చిన కెమెరా

ఆదివారం ఉదయం ఎల్బియో బాత్రూములో లైటు ఆర్పేసి, తలుపు కింద సందుకి తువ్వాలు అడ్డం పెట్టి, తొట్టి అంచున కూర్చున్నాడు. చేతిలో మడత కెమెరా ఉంది. దాని వెనక తలుపు తీసి, లోపలికి చిన్న టార్చి దూర్చి, పెట్టెకీ లెన్సుకీ మధ్య మడతలు మడతలుగా సాగే తోలు తిత్తిని నాలుగు పక్కలా తిప్పి చూస్తున్నాడు. తిత్తికి సూదిమొనంత కంత ఉన్నా చీకట్లో చుక్కలా వెలుగుతుంది. ఎక్కడా వెలగలేదు.

బయటినుంచి నిబియా తలుపు కొట్టింది.

"ఇంకా ఎంతసేపు? అమ్మకి స్నానం చేయించాలి. లోపల నువ్వున్నావా, నీ కెమెరా ఉందా?"

"ఇద్దరం ఉన్నాం."

"అయితే ఇద్దరూ బయటికి రండి. పెళ్ళయి ఇన్నేళ్ళయింది, నాతో ఒక్కసారైనా ఇంతసేపు చీకట్లో కూర్చున్నావా?"

"నీకు కంతలుంటే కూర్చునేవాణ్ణి."

నిబియా నవ్వలేదు. తలుపు తెరిచిన భర్త మొహం చూసి, పని పూర్తయిందని మాత్రం గ్రహించింది. ఆ శీతాకాలమంతా అతను ఆ కెమెరా మీదే కూర్చున్నాడు.

ఎల్బియో మోంతెవిదేయో రేవులో కస్టమ్స్ ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఓడల్లో వచ్చిన యంత్రాల మీది అంకెలు కాగితాల్లోని అంకెలతో సరిపోయాయో లేదో చూడటం అతని పని. రిటైరయ్యాక మడత కెమెరాలు పోగుచెయ్యడం మొదలుపెట్టాడు. ఆదివారం త్రిస్తాన్ నర్వాహా వీధి సంతలో ఎవరి చేతికి అలాంటి కెమెరా చిక్కినా ముందు అతనికి చూపించేవారు. అతను మూతకున్న గడియ ఎక్కడుందో చూస్తాడు, తోలు మీది అచ్చు వేలితో తడుముతాడు, లెన్సు చుట్టూ చెక్కిన అంకె చదువుతాడు. అది జర్మనీలో ఏ ఊరిదో, ఏ ఏటిదో చెప్పేస్తాడు. సంతలో అతని మాటకి తిరుగులేదు.

ఆ ఆదివారం సంతకి వెళ్ళలేదు. అత్తగారి పుట్టినరోజు.

అత్తగారి పేరు సుల్మా. ఎల్బియో మర్యాదగా దోన్యా సుల్మా అంటాడు. ఉత్తరాన తకువారెంబోలో వంటింట్లో జారి పడ్డాక, కిందటేడు కూతురింటికి వచ్చింది. ఒక కంటికి చూపు లేదు. రెండో కంటికి మనుషులు నీడల్లా ఆనుతారు. వస్తూ ఒక పెట్టె, ఒక ఉన్ని దుప్పటి, భర్త కెమెరా తెచ్చుకుంది. భర్త అనీబాల్ ఊరూరా తిరిగి ఫొటోలు తీసేవాడు. పెళ్ళిళ్ళు, చర్చిలో పిల్లలు తొలి ప్రసాదం తీసుకునే వేడుకలు, చావిళ్ళలో శవజాగరణలు అన్నీ ఆ కెమెరాతోనే తీశాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. "దీన్ని కాస్త బాగుచెయ్యనా?" అని ఎల్బియో అడిగినప్పుడు, "చెయ్యి నాయనా, జాగ్రత్త," అంది సుల్మా.

అతను జాగ్రత్తగానే చేశాడు. మర మరా విప్పి కడిగాడు. బిగుసుకుపోయిన షట్టర్ని కదిలించాడు. మూలల్లో బీటలిచ్చిన తిత్తిని పీకేసి, కొత్త తోలుతో, ఫ్యాక్టరీ కొలతలకి సరిగ్గా, తన చేత్తో తిత్తి కుట్టి పెట్టాడు. పాత కెమెరా కొన్నవాళ్ళు మొదట చేసే పని అదే. కారుకి టైరు మార్చినట్టు.

మధ్యాహ్నం భోజనంలో రవియోలీలు తిన్నాక, కేకు కొయ్యకముందే, అతను కెమెరా తెచ్చి అత్తగారి చేతుల్లో పెట్టాడు.

"దోన్యా సుల్మా, పుట్టినరోజు శుభాకాంక్షలు. తెరవండి."

సుల్మా దాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూసింది. వేలితో బొత్తాం వెతికి నొక్కింది. మూత పడి, లెన్సు ముందుకి వచ్చింది. ఆమె తిత్తి మీద వేళ్ళు ఆనించింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒకసారి మూసి, మళ్ళీ తెరిచి, చెవి దగ్గర పెట్టుకుంది. తర్వాత మూసేసి బల్ల మీద పెట్టింది.

"బావుంది," అంది. "ఎవరిది?"

ఎల్బియో నవ్వాడు. "మీదే. అనీబాల్ గారిది."

"ఇది కాదు."

"అదే, దోన్యా సుల్మా. శుభ్రం చేశాను. అందుకే కొత్తగా అనిపిస్తోంది."

"అనీబాల్ కెమెరా నాకు తెలీదా? ఇది వేరేది. నాది ఎక్కడ పెట్టావు?"

ఎల్బియో కళ్ళద్దాలు పెట్టుకుని లెన్సు మీది అంకె పైకి చదివాడు. పెట్టె లోపలి అంకె కూడా చదివాడు. "మీరు తెచ్చిన రోజే చూసి పెట్టుకున్నాను. రెండూ అవే. అంకె మారదు కదా."

"అంకె సంగతి నాకేం తెలుసు? నేను దాన్ని అంకె పెట్టి పిలవలేదు."

"అమ్మా," అంది నిబియా, "అదే కెమెరా. పాపం, మూడు నెలల్నుంచి నీ కోసమే తంటాలు పడుతున్నాడు."

సుల్మా మొహం కూతురి గొంతు వినిపించిన వైపుకి తిరిగింది. "కేకు కొయ్యండి," అంది.

మర్నాటినుంచి ఆమె రోజూ ఉదయం అదే అడగసాగింది. ఎల్బియో మాతే ఆకు వేసిన సొరబుర్రలో వేడినీళ్ళు పోసి అందిస్తే, పీల్చే గొట్టం నోట పెట్టుకోకముందే, "దొరికిందా?" అనేది.

"ఏది, దోన్యా సుల్మా?"

"మా ఆయన కెమెరా."

మొదట్లో అతను ఓపిగ్గా చెప్పాడు. తర్వాత అంకెలు చదివి వినిపించాడు. ఆ తర్వాత, "ఇంకా లేదు," అనడం నేర్చుకున్నాడు. అలా అనడం నిబియాకి నచ్చలేదు.

"పిచ్చివాళ్ళకి చెప్పినట్టు చెప్తావేంటి మా అమ్మకి?"

"మరేం చెప్పమంటావు? నిజం చెప్తే దొంగని చేస్తోంది."

నిబియా పొద్దున బడి వంటశాలలో పని చేస్తుంది. ఇంటికొచ్చాక తల్లిని చూసుకుంటుంది. రాత్రుళ్ళు సుల్మా బాత్రూముకి లేచినప్పుడల్లా పిలుస్తుంది, నిబియా లేస్తుంది. మధ్యలో లేవకుండా నిద్రపోయి ఏడాది దాటింది. తల్లి రోజూ ఆ ఒక్క మాటే అడుగుతుంటే ఆమె లోపల ఒక ఆలోచన మొదలైంది. దాన్ని ఎవరికీ చెప్పలేదు.

తర్వాతి ఆదివారం ఎల్బియో కెమెరాని సంతకి తీసుకెళ్ళాడు. పాత గడియారాలు అమ్మే మిల్టన్ దాన్ని ఎత్తి చూసి ఈల వేశాడు.

"ఒరేయ్, ఇది నిన్నే ఫ్యాక్టరీలోంచి వచ్చినట్టుందిరా. తిత్తి ఎక్కడ దొరికింది?"

"నేనే కుట్టాను."

"నీ చేతులకి ముద్దు పెట్టాలి. మీ అత్తగారు ఏడ్చిందా?"

"ఇది తనది కాదంటోంది."

మిల్టన్ కెమెరా మూసి మెల్లగా బల్ల మీద పెట్టాడు. "మా నాన్నకీ అలాగే మొదలైందిరా," అన్నాడు. "చెంచాతో. ఇది నా చెంచా కాదు, ఎవరో మార్చారు అనేవాడు. ఏడాది తిరక్కుండా నన్ను చూసి నువ్వెవడివి అన్నాడు. జాగ్రత్తపడండి."

ఎల్బియో ఇంటికొచ్చి ఆ మాట నిబియాకి చెప్పాడు. ఆమె బీన్స్ తుంచుతోంది. తుంచడం ఆపలేదు.

బుధవారం నిబియా పని నుంచి వచ్చేసరికి ముందుగదిలో ఎల్బియో మోకాళ్ళ మీద ఉన్నాడు. అద్దాల బీరువా తలుపులు రెండూ తెరిచి ఉన్నాయి. కెమెరాలు నేల మీద, సోఫా మీద, కుర్చీల మీద ఉన్నాయి. అన్నిటి మూతలూ తెరిచి ఉన్నాయి. ఒకటి బోర్లా పడి ఉంది. దాని లెన్సు మూడు ముక్కలైంది. సుల్మా గోడకి చెయ్యి ఆనించి నిలబడి ఉంది.

"ఇక్కడా లేదు," అందామె.

"అది ఇంకోటి దొరకదు!" ఎల్బియో గొంతు వీధిలోకి వినిపించింది. "తెలుసా మీకు? ఈ ఊళ్ళో అలాంటిది ఇంకోటి లేదు! మీరు దేనికి ముట్టుకున్నారు వాటిని?"

"నాది వెతుక్కున్నాను. నువ్వు ఇవ్వట్లేదు కాబట్టి."

"మీది మీ గదిలోనే ఉంది! మీ మంచం పక్కనే ఉంది!"

"అరవకు. కళ్ళే పోయాయి, చెవులు కాదు."

"నిబియా, మీ అమ్మతో నువ్వే మాట్లాడు. నావల్ల కాదు." అతను లెన్సు ముక్కలు జేబురుమాల్లో ఏరుకున్నాడు.

నిబియా తల్లిని గదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. వంటింట్లోకి వెళ్ళి తలుపు మూసుకుని తకువారెంబోలో ఉన్న అన్న దార్డోకి ఫోన్ చేసింది. దార్డోకి అక్కడ ఇనుపసామాన్ల కొట్టుంది. అతని ఇల్లు కొట్టు మీద మేడ. మెట్లున్నాయి కాబట్టి అమ్మని తెచ్చుకోలేనన్నాడు అప్పట్లో. ఫోన్లో నిబియా ఎక్కువసేపు మాట్లాడలేదు.

శనివారం దార్డో బస్సులో వచ్చాడు. వాన పడుతోంది. నిబియా పిండి కలిపి కొవ్వులో రొట్టెలు వేయిస్తోంది. వానరోజున ఆ ఇంట్లో చేసేవి అవే. దార్డో తడిసిన కోటు తలుపుకి తగిలించి, తల్లి నుదుటి మీద ముద్దు పెట్టి, ఎదురుగా కూర్చున్నాడు.

"ఎలా ఉన్నావమ్మా?"

"కూర్చునే ఉన్నాను. నువ్వెలా ఉన్నావు? ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. ఎందుకలా అడుగుతావు?"

"నువ్వు చావులకి తప్ప రావు కదా. అందుకని అడిగాను."

వంటింట్లో నిబియా రొట్టె తిరగేసింది. ఎల్బియో గొంతు సవరించుకున్నాడు. దార్డో నవ్వడానికి ప్రయత్నించి, కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"అమ్మా, వస్తూ వస్తూ ఒకచోటికి వెళ్ళొచ్చాను. ప్రాదో పార్కు దగ్గర. తోట ఉంది. నర్సులున్నారు. నీ ఈడువాళ్ళు మధ్యాహ్నాలు కూర్చుని పేకాడుకుంటున్నారు."

"నాకు పేకముక్కలు కనిపించవు."

"రేడియో ఉంది."

"రేడియో ఇక్కడా ఉంది. తిన్నగా చెప్పు దార్డో. చిన్నప్పుడు గుడ్లు పగలగొట్టినా ఇలాగే ముందు వాతావరణం గురించి మాట్లాడేవాడివి."

"వృద్ధాశ్రమం," అన్నాడు దార్డో. "కొన్నాళ్ళు. చూద్దాం."

"ఎందుకు?"

దార్డో చెల్లెలి వైపు చూశాడు. ఆమె రొట్టెల పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టి నిలబడింది. ఎవరూ తీసుకోలేదు.

"నీకు కొన్ని గుర్తుండట్లేదమ్మా," అన్నాడు దార్డో. "తప్పు కాదు. వయసు."

"ఏం గుర్తులేదు నాకు? మీ నాన్న ఏ పక్కనుంచి ఏ పక్కకి తల దువ్వుకునేవాడో చెప్పనా? నీ తొలి ప్రసాదం రోజున నువ్వు ఎవరి బూట్లు వేసుకున్నావో చెప్పనా? పక్కింటివాళ్ళవి. ఎడమది వదులు. ఫొటోలో కాలు వంకరగా ఉంటుంది."

"అవన్నీ పాతవి. పాతవి ఉంటాయట, కొత్తవే పోతాయట. డాక్టర్లు చెప్పారు." అతను లేచి తల్లి గదిలోకి వెళ్ళి కెమెరా తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. "ఇదేంటి?"

"కెమెరా."

"ఎవరిది?"

సుల్మా దాన్ని తెరవలేదు. "మీ బావగారిది. నాకు తెలిసినంతవరకు."

దార్డో చేతులు చాచి చెల్లెలినీ బావనీ చూశాడు. "చూశారా?" అనలేదు గానీ, అన్నట్టే ఉంది.

"పోనీ, బావా," అన్నాడు. "నువ్వే చెప్పు. నువ్వు మంచివాడివి, అబద్ధం చెప్పవు. ఇది మా నాన్న కెమెరానా కాదా?"

ఎల్బియో వచ్చి అత్తగారి పక్కన కూర్చున్నాడు. బుధవారం అరిచినందుకు అతనికి సిగ్గుగా ఉంది. ఆమెని నొప్పించకుండా, ఒక్కొక్కటీ విడమర్చి చెప్పి, ఎలాగైనా ఒప్పించాలనుకున్నాడు.

"దోన్యా సుల్మా, చెయ్యి ఇటివ్వండి. ఇది పెట్టె. అదే పెట్టె. ఇది గడియ. అదే గడియ, నేను నూనె వేశాను అంతే. ఇది లెన్సు, అదే లెన్సు. షట్టరూ అదే. బయటి తోలు అదే, రంగు కూడా వెయ్యలేదు. ఒట్టు. నేను మార్చింది ఒక్క తిత్తి."

సుల్మా చెయ్యి ఆగింది.

"తిత్తి మార్చావా?"

"మార్చక తప్పలేదు. అది ఫ్యాక్టరీది కాదు కూడా. మధ్యలో ఎవరో వేసింది. మీరు చూసి ఉంటే నవ్వేవారు. మడతలు ఉండాల్సినవాటికంటే ఎక్కువ, లావు. మూలల్లో తోలు పేళికలు. లోపల ఏదో ముతక బట్ట అంటించారు. పిండిజిగురు వాసన. ఎవడో నాటు పనివాడు, కెమెరా మొహం ఎప్పుడూ చూడనివాడు..."

"నేనే," అంది సుల్మా.

ఎల్బియోకి అర్థం కాలేదు. "ఏంటి?"

"ఆ నాటు పనివాడు. నేనే."

దార్డో కూర్చున్నాడు. సుల్మా కెమెరా తెరిచి, తిత్తిని వేళ్ళతో నెమ్మదిగా చివరిదాకా తడిమింది.

"అదీ సంగతి," అంది తనలో తనే. "ఇదేదో వేరే కెమెరా అనుకున్నాను. తిత్తి మాత్రమే తీసేశారని నాకేం తెలుసు? నేను పట్టుకునేది తిత్తినే. మిగతాదంతా మీ ఆయన పట్టుకునేవాడు." ఆమె సరిదిద్దుకుంది. "మా ఆయన."

ఆ ఒక్క పొరపాటుని ఎవరూ పట్టించుకోలేదు.

"నువ్వు కుట్టావా?" అంది నిబియా. "ఎప్పుడు?"

"వీడు పుట్టకముందు. పెళ్ళికూతురి మొహం మీద తెల్ల చార వచ్చింది ఒక ఫొటోలో. తర్వాత ఇంకో ఫొటోలో. తిత్తి కుళ్ళిపోయింది, వెలుతురు కారుతోంది. కొత్తది జర్మనీ నుంచి రావాలి. వస్తుందా? మీ నాన్న రెండు రోజులు అన్నం ముట్టలేదు. మా నాన్న త్రాంకేరాస్ ఊళ్ళో అకార్డియన్ల తిత్తులు బాగుచేసేవాడు, నీకు తెలుసుగా. అట్ట మడతపెట్టడం నాకు చిన్నప్పటినుంచీ వచ్చు. అకార్డియన్‌కి గాలి పోకూడదు, కెమెరాలోకి వెలుతురు దూరకూడదు, అంతే కదా అనుకున్నాను. అకార్డియన్‌కి ఎలా మడతపెడతారో అలాగే పెట్టాను. మూలలకి మేకపిల్ల తోలు. లోపలికి నల్లబట్ట కావాలి, మా దగ్గర లేదు. పాదిరీ గారి పాత అంగీ ఉతకడానికి వచ్చింది."

"ఏం చేశావు?" అన్నాడు దార్డో.

"కత్తిరించేసి, పోయిందని చెప్పాను. పాదిరీ గారు చనిపోయేదాకా ప్రతి ఆదివారం నా వైపు చూసి కాని ప్రసంగం మొదలుపెట్టలేదు. ఆయన అంగీలోంచే ఆయన చేసిన పెళ్ళిళ్ళన్నీ తీశాడు మీ నాన్న. ఆయన శవజాగరణ కూడా."

నిబియాకి నవ్వు వచ్చింది; నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చెయ్యి అక్కడే ఉంచేసింది.

"మాకెందుకు చెప్పలేదు?" అన్నాడు దార్డో.

"ఎవరికీ చెప్పలేదు. ఊళ్ళల్లో ఫొటోలు తీసేవాడి మర్యాదంతా కెమెరాలో ఉంటుంది. జర్మనీ కెమెరా ఉందనే ఆయన్ని పెళ్ళిళ్ళకి పిలిచేవారు. పెళ్ళాం వంటింట్లో పిండిజిగురుతో అంటించిందని తెలిస్తే ఎవడు పిలుస్తాడు? అది మా ఇద్దరికే తెలుసు. తెరిచినప్పుడల్లా చిన్న ఊపిరి తీసేది. మీ నాన్న నా వైపు చూసేవాడు. ఎంతమందిలో ఉన్నా చూసేవాడు."

ఎల్బియో తన చేతుల వంక చూసుకుంటున్నాడు. ఇన్నేళ్ళలో అతని చేతికొచ్చిన కెమెరాల సొంతదార్లంతా చనిపోయినవాళ్ళే. అడగడానికి ఎవరూ ఉండేవారు కాదు. అంకెనే అడగాలి. అడగడానికి మనిషున్న కెమెరా ఇదొక్కటే దొరికింది. ఆ మనిషి పక్క గదిలోనే కూర్చునుంది. అతను వెళ్ళి అడగలేదు.

"అది ఎక్కడుంది?" అంది సుల్మా.

"దోన్యా సుల్మా..."

"చెప్పు ఎల్బియో."

"కొలతల కోసం కుట్టు వెంబడి కోసి పరిచాను. కొలతలు పనికిరాలేదు. చెత్తలో వేసేశాను. ఎప్పుడో పట్టుకెళ్ళిపోయారు."

సుల్మా తల ఊపింది. చాలాసేపు ఊపుతూనే ఉంది. "అయితే వెతికినా దొరకదు," అంది. "ఆ మాట మొదటిరోజే చెప్పి ఉంటే నీ బీరువా ముట్టుకునేదాన్ని కాదు."

"నాది తప్పు. క్షమించండి."

"బాగా కుట్టావు. చెయ్యి పెడితే తెలుస్తోంది. కాని ఇది నాకొద్దు. నువ్వే ఉంచుకో." ఆమె కెమెరా మూసి అల్లుడి ఒళ్ళో పెట్టింది. "నీకు బుధవారం పోయినదానికి బదులు అనుకో."

ఎల్బియో లేచి కిటికీ దగ్గరకి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు.

దార్డో గొంతు తగ్గించాడు. "సరేలే అమ్మా. పొరపాటు జరిగింది. అందరిదీ. నేను ఆ చోటువాళ్ళకి ఫోన్ చేసి చెప్తాను."

"ఆగు. నువ్వు కాదు." సుల్మా నిబియా ఉన్న వైపుకి తిరిగింది. "నువ్వు వీడికి ఫోన్లో ఏం చెప్పావు?"

"అమ్మా, ఎల్బియో అంత కచ్చితంగా చెప్తే..."

"ఎల్బియో నాతో ఒకే ఇంట్లో ఉంటున్నది ఏడాదినుంచే. కెమెరాలంటే వాడికి తెలుసు, నేను తెలీదు. నీకు నేను తెలుసు. నేను ఎప్పుడైనా లేనిది ఉందన్నానా? నువ్వు వాణ్ణి నమ్మావు, కెమెరాని నమ్మావు. పెట్టె మీద గీసిన అంకెల్ని నమ్మావు. నన్నొక్క మాట అడగలేదు. ఎందుకు కాదంటున్నావమ్మా, ఏం తేడాగా ఉంది అని అడిగితే చెప్పేదాన్ని కదా, వాసన వేరు, ఊపిరి లేదు అని. ఎందుకు అడగలేదు?"

నిబియా కుర్చీ వెనక చెక్క పట్టుకుంది. సమాధానం ఆమె దగ్గర ఎన్నో రోజుల్నుంచి ఉంది. బయటికి వచ్చాక అది ఎవరి గొంతో అన్నట్టు వినిపించింది.

"అడిగితే నువ్వు సరిగ్గా చెప్తావేమోనని."

"అంటే?"

"నువ్వు కాదన్నప్పుడు, ఆ మొదటిరోజు, కేకు కోస్తున్నప్పుడు... నాకు ప్రాణం తేలికపడిందమ్మా. అమ్మయ్య అనిపించింది. మతి తప్పుతోంది, ఇంక ఎవరూ నన్నేమీ అనరు, నేను పంపించినట్టు కాదు, జబ్బు పంపించినట్టు అవుతుంది అనుకున్నాను. అది నిజం కావాలనుకున్నాను. ప్రతి ఉదయం నువ్వు దొరికిందా అంటావు కదా, ఈరోజూ అడిగింది, మంచిదే, అనుకునేదాన్ని. మా అమ్మకి మతి పోవాలని కోరుకున్నాను నేను."

ఆమె ఏడుపు పెద్దగా లేదు. నిలబడే ఏడ్చింది. దార్డో లేవబోయాడు. తల్లి చెయ్యెత్తింది, కూర్చున్నాడు.

"ఇలా రా," అంది సుల్మా.

నిబియా వచ్చి తల్లి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. సుల్మా చేత్తో వెతికి కూతురి తల పట్టుకుంది. మొహం మీదికి వేళ్ళు జరిపింది. కళ్ళకింద ఆపింది.

"ఎన్నాళ్ళయింది నిద్రపోయి?"

నిబియా తల అడ్డంగా ఊపింది.

"అలిసిపోయానని చెప్పొచ్చు కదే. చెప్తే చచ్చిపోతానా? నేనూ ఇద్దర్ని పెంచాను, సొంత మేజోళ్ళు ఎక్కడున్నాయో తెలియని మీ నాన్నని కూడా పెంచాను. అలసట అంటే నాకు తెలుసు. అలిసిపోయానని చెప్పు, వింటాను. అవసరమైతే ఆ తోటకి కూడా పోతాను, పేకముక్కలు తడుముకుంటూ. కాని అమ్మకి మతి లేదని మాత్రం చెప్పి పంపకు. మతి ఉండగా పంపు."

"పంపనమ్మా."

"ఇప్పుడే మాటివ్వకు. ముందు నిద్రపో. నిద్రలేనివాళ్ళ మాట నేను లెక్కలోకి తీసుకోను." ఆమె తల పైకెత్తింది. "దార్డో."

"ఆఁ."

"నీ కొట్టు మూస్తే తకువారెంబోలో మేకులు దొరక్క ఇళ్ళు కూలిపోతాయా?"

"లేదమ్మా."

"అయితే ఈ వారం ఇక్కడే ఉండు. రాత్రిపూట నన్ను బాత్రూముకి నువ్వు తీసుకెళ్తావు. సిగ్గుపడకు, నేను నిన్ను చాలాసార్లు తీసుకెళ్ళాను. వారం తర్వాత ఎల్బియో."

కిటికీ దగ్గరనుంచి ఎల్బియో, "అలాగే దోన్యా సుల్మా," అన్నాడు.

"నెలకోసారి వస్తావా దార్డో? చావు లేకపోయినా?"

"వస్తాను."

"చూద్దాం," అంది సుల్మా. నమ్మినట్టు లేదు.

ఎవరో మొదట రొట్టె తీసుకున్నారు. చల్లారిపోయాయి, అయినా తిన్నారు. దార్డో మాతేకి నీళ్ళు కాచడానికి లేచాడు. నిబియా లేవలేదు. తల్లి మోకాలికి తల ఆనించి, తింటూ తింటూనే కళ్ళు మూసుకుంది. చేతిలోని రొట్టెముక్క నేల మీద పడింది. ఎల్బియో వచ్చి వంగి ఆమెని లేపబోయాడు. సుల్మా వేలు పెదవుల మీద పెట్టుకుంది.

"కాలు తిమ్మిరెక్కుతుంది మీకు," అన్నాడతను గుసగుసగా.

"ఎక్కనీ."

వంటింట్లో దార్డో చేతిలోంచి కెటిల్ మూత జారి గచ్చు మీద గిరగిరా తిరిగింది. సుల్మా అటు తిరిగి, పళ్ళు బిగించి, కొడుకుని కసిరింది.

"చప్పుడు చెయ్యకురా. పిల్ల పడుకుంది."